కుంగుబాటు, మాటల చికిత్స: నెల్లూరు తీరం

వైద్యులు డిప్రెషన్ అని పిలిచే కుంగుబాటు ఒక జబ్బు. కనీసం రెండు వారాలపాటు, దాదాపు ప్రతిరోజూ, రోజులో ఎక్కువ భాగం మనసు దిగాలుగా ఉండడమో, ఇదివరకు ఇష్టపడి చేసిన పనుల మీద ఆసక్తి చచ్చిపోవడమో దీని ప్రధాన లక్షణం. దాంతోపాటు నిద్ర చెడుతుంది. ఆకలి తగ్గుతుంది, కొందరిలో పెరుగుతుంది. ఒంట్లో సత్తువ ఉండదు. దేని మీదా మనసు నిలవదు. నడకా మాటా నెమ్మదిస్తాయి, లేదా ఒకచోట కూర్చోలేనంత అలజడి పుడుతుంది. తాను దేనికీ పనికిరాననీ, అన్నిటికీ తానే కారణమనీ అనిపిస్తుంది. చావు గురించిన ఆలోచనలు వస్తాయి. ఈ తొమ్మిది లక్షణాల్లో మొదటి రెండింటిలో ఒకటైనా ఉండి, మొత్తం అయిదు కలిసి కనిపిస్తూ, రోజువారీ పని దెబ్బతింటే కుంగుబాటుగా నిర్ధారిస్తారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రపంచంలో సుమారు 33 కోట్ల మంది ఈ జబ్బుతో ఉన్నారు. మగవాళ్లలో కంటే ఆడవాళ్లలో ఇది దాదాపు ఒకటిన్నర రెట్లు. మన దేశంలో బెంగళూరు నిమ్‌హాన్స్ 2015–16లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, ప్రతి 20 మందిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకసారి కుంగుబాటు పాలవుతున్నారని తేల్చింది. కుంగుబాటు, ఆందోళన వంటి సాధారణ మానసిక వ్యాధులున్న ప్రతి 100 మందిలో 85 మందికి చికిత్సే అందడం లేదని కూడా అదే సర్వే చెప్పింది. ఆ సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ లేదు. కాబట్టి నెల్లూరు తీరం గురించి మాట్లాడాలంటే ముందు ఇక్కడి బతుకును చూడాలి.

తీరంలో బతుకు

రామాయపట్నం నుంచి తుమ్మలపెంట, ఇసకపల్లి, మైపాడు, కోడూరు, కృష్ణపట్నం మీదుగా పులికాట్ సరస్సు దాకా సాగే తీరం ఇది. 2022లో జిల్లాలు విడిపోయాక సూళ్లూరుపేట, తడ వైపు భాగం తిరుపతి జిల్లాలో కలిసింది. జిల్లా మారినా సముద్రం మీద ఆధారపడిన జీవితం మారలేదు.

సముద్రం మీద వేటకు పోయే పట్టపు కుటుంబాలకు ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి నిషేధం అవసరమే. ప్రభుత్వం భృతి కూడా ఇస్తుంది. అయినా పని లేని రెండు నెలల్లో అప్పు పెరుగుతుంది, తాగుడు పెరుగుతుంది, ఇంట్లో గొడవలు పెరుగుతాయి. ఏనాదుల సంగతి ఇంకా కష్టం. షెడ్యూల్డు తెగల్లో ఒకటైన ఈ సమాజంలో చాలామంది చెరువుల కాపలాకు, చేపలూ పీతలూ పట్టడానికి కూలికి పోతారు. ముందుగా తీసుకున్న బయానా తీరక తరాల తరబడి ఒకే యజమాని గట్టు మీద ఉండిపోయిన కుటుంబాలున్నాయి.

రొయ్య ఈ తీరాన్ని మార్చేసింది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో రొయ్యల సాగు ఊపందుకుంది. ఉప్పుటేళ్ల పక్కన ఎకరా పొలం ఉన్నవాడు కూడా చెరువు తవ్వాడు. 1994–95లో తెల్లమచ్చ వైరస్ వచ్చి చెరువుల్ని రోజుల వ్యవధిలో తుడిచిపెట్టింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర నియంత్రణ మండలంలో రొయ్యల చెరువుల్ని నిషేధిస్తూ తీర్పు ఇచ్చింది. 2009 తర్వాత వనామీ రకం రావడంతో సాగు మళ్లీ పుంజుకుంది. సీడు, మేత, కరెంటు, లీజు అన్నీ ముందే పెట్టుబడి. చివరికి ధర కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగాయన్నది) మీద ఆధారపడుతుంది. ఒక్క రాత్రి ఏరియేటర్లు ఆగి ఆక్సిజన్ పడిపోయినా, వైరస్ తగిలినా, వంద రోజుల కష్టం తెల్లారేసరికి నీళ్ల మీద తేలుతుంది. పంట పోయిన రైతుకు అప్పు ఒక బాధ. నలుగురిలో తలెత్తుకోలేననే బాధ దానికి మించింది. ఎందుకంటే చెరువు వేయడం అతని తెలివికీ తెగువకూ ఊరు ఇచ్చిన గుర్తింపు. మనసును కుంగదీసే నష్టాల్లో పరువుతో ముడిపడిన నష్టం బలమైనది.

తుపాన్లు సరేసరి. 1984 నవంబరులో ఒకటి, 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన మహా తుపాను ఒకటి. 2004 డిసెంబరు 26న సునామీ. ఆంధ్రప్రదేశ్‌లో ఆ రోజు వందమందికి పైగా చనిపోయారు, వాళ్లలో నెల్లూరు జిల్లా వాళ్లూ ఉన్నారు. తమిళనాడుతో పోలిస్తే ప్రాణనష్టం తక్కువే. కానీ వలలూ పడవలూ పోయిన ఇళ్లలో ఆ తర్వాతి ఏడాది ఎట్లా గడిచిందో లెక్కల్లోకి రాలేదు.

ఇవన్నీ చెప్పింది ఎందుకంటే, కుంగుబాటును బుర్రలోని రసాయనాల లోపం అని ఒక్క మాటలో తేల్చేయడం ఇక్కడ సరిపోదు. వంశపారంపర్యంగా వచ్చే బలహీనత, చిన్నతనంలో పడ్డ దెబ్బలు, ప్రసవం తర్వాతి శారీరక మార్పులు, థైరాయిడ్ వంటి జబ్బులు, మద్యం, అప్పు, ఒంటరితనం, ఇంట్లో హింస ఇవన్నీ కలిసి దీన్ని తెస్తాయి. ఒకే రకం కష్టం పడ్డ ఇద్దరిలో ఒకరు కోలుకుంటారు, ఇంకొకరు మంచం పడతారు. మంచం పడినవాళ్లు పిరికివాళ్లు అనే తీర్పు మన ఊళ్లలో వెంటనే వస్తుంది. అది అన్యాయమైన తీర్పు.

ఒంటి నొప్పిగా కనిపించే జబ్బు

ఈ తీరంలో ఎవరూ డాక్టరు దగ్గరికి వచ్చి 'నాకు డిప్రెషన్' అనరు. తలనొప్పి అంటారు. గుండె దడ, కడుపులో మంట, అరికాళ్ల మంటలు, ఒళ్లంతా లాగేస్తా ఉంది, రాత్రిళ్లు కన్ను మూతపడదు అంటారు. పెద్దవాళ్లయితే 'మనేద పట్టుకునింది' అంటారు. మొదట వెళ్లేది ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గరికే. ఆయన సెలైన్ ఎక్కిస్తాడు, బలం సూది వేస్తాడు. రెండు రోజులు బాగుంటుంది. కొంతమందికి ఇట్లా ఏళ్లు గడిచిపోతాయి. స్కానింగులకూ రక్తపరీక్షలకూ నెల్లూరు, అక్కణ్నుంచి చెన్నై తిరిగి, 'మీకేమీ లేదు' అనే మాట విని ఇంటికి వస్తారు. బాధ పడుతున్న మనిషికి ఆ మాట చాలా క్రూరమైనది. నొప్పి నిజం. దాని మూలం మనసులో ఉండడం వల్ల నొప్పి అబద్ధం అయిపోదు.

ఈ జబ్బును ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే గుర్తించడానికి పీహెచ్‌క్యూ–9 అనే తొమ్మిది ప్రశ్నల పట్టిక ఉంది. 2001 నుంచి ప్రపంచమంతా వాడుతున్నారు, తెలుగులోనూ ఉంది. గత రెండు వారాల్లో ఒక్కో లక్షణం ఎన్ని రోజులు బాధించిందో అడిగి 0 నుంచి 27 దాకా మార్కులు వేస్తారు. 10 గానీ అంతకు మించి గానీ వస్తే శ్రద్ధగా చూడాలి. ఆశా కార్యకర్త అయినా, ఏఎన్ఎమ్ అయినా పదినిమిషాల్లో అడగగలరు. ఈ పట్టిక జబ్బును నిర్ధారించదు, అనుమానాన్ని బయటపెడుతుంది. ఆ తర్వాత డాక్టరు చూసి రక్తహీనత, థైరాయిడ్ లాంటివి కాదని తేల్చుకోవాలి. ఇదివరకెప్పుడైనా నిద్ర లేకుండా అతి హుషారుగా, అతి ఖర్చుగా గడిపిన రోజులున్నాయా అని కూడా అడగాలి. ఉంటే అది బైపోలార్ వ్యాధి కావచ్చు, దాని మందులు వేరు.

ఆస్పత్రి కంటే ముందు మనవాళ్లు దేవుడి దగ్గరికి పోతారు. నెల్లూరు స్వర్ణాల చెరువు గట్టున బారాషహీద్ దర్గా దగ్గర మొహర్రం నెలలో జరిగే రొట్టెల పండుగలో ఆరోగ్యం రొట్టె పట్టుకునేవాళ్లు వేలల్లో ఉంటారు. ఆత్మకూరు వైపు అనుమసముద్రంపేట దర్గాకు, గొలగమూడి వెంకయ్యస్వామి ఆశ్రమానికి మనసు బాగాలేనివాళ్లను తీసుకుపోయి నిద్ర చేయిస్తారు. వీటిని వెక్కిరించడం వల్ల ఎవరికీ మేలు లేదు. ఇల్లు వదిలి నాలుగు రోజులు ఇంకోచోట ఉండడం, తమలాంటి బాధ పడుతున్నవాళ్లు చుట్టూ కనిపించడం, ఒక ఆశ దొరకడం, ఇవి మనిషికి ఊరటనిస్తాయి. గొలుసులు వేస్తే మాత్రం ఒప్పుకోకూడదు. 2001 ఆగస్టులో తమిళనాడు ఎర్వాడిలో గొలుసులతో కట్టేసిన 28 మంది మంటల్లో చనిపోయారు. గుజరాత్‌లో మీరా దాతార్ దర్గా ఆవరణలోనే 2008లో దువా (ప్రార్థన)తో పాటు దవా (మందు) కూడా ఇచ్చే ఏర్పాటు మొదలైంది. ముజావర్లే రోగులను పక్కనున్న డాక్టరు దగ్గరికి పంపుతారు. మన దర్గాల దగ్గరా, ఆశ్రమాల దగ్గరా ఇది చేయవచ్చు.

మాట వైద్యం ఎట్లా అవుతుంది

మాటల చికిత్స అనగానే మనకు గుర్తొచ్చేది ఓదార్పు. లేదంటే సలహా. 'అన్నీ దేవుడే చూసుకుంటాడు, ధైర్యంగా ఉండు' అనడం ఓదార్పు. 'పొద్దున్నే లేచి గుడికి పో, ఆలోచనలు మానెయ్' అనడం సలహా. రెండూ ప్రేమతో అన్నవే. కానీ కుంగుబాటులో ఉన్న మనిషికి ధైర్యంగా ఉండడమే చేతకావడం లేదు. ఆ సంగతి ఎదుటివాడు గమనించలేదని తెలిసేసరికి అతను ఇంకా ఒంటరివాడవుతాడు. మాటల చికిత్స పద్ధతి ఉన్న పని. వారానికి ఒకసారి, ముందే అనుకున్న రోజున, తలుపు వేసిన గదిలో, 45 నిమిషాలో గంటో జరుగుతుంది. సాధారణంగా ఆరు నుంచి పదహారు విడతలు ఉంటుంది. విన్నది బయటికి పోదని ముందే మాట ఇస్తారు. ఇవాళ ఏం మాట్లాడాలో ఇద్దరూ కలిసి నిర్ణయించుకుంటారు. వచ్చే వారానికి చేయవలసిన చిన్న పని ఒకటి ఉంటుంది.

ఈ పద్ధతుల్లో ఎక్కువ పరీక్షలకు నిలిచింది ఆలోచనల చికిత్స. అమెరికాలో ఫిలడెల్ఫియా వైద్యుడు ఆరన్ బెక్ 1960లలో దీన్ని రూపొందించాడు, 1979లో కుంగుబాటు కోసం ప్రత్యేకంగా గ్రంథం వెలువరించాడు. కుంగిపోయిన మనసు తన గురించీ, లోకం గురించీ, రేపటి గురించీ ఒకే రకం చీకటి తీర్పులు అప్పటికప్పుడు ఇచ్చేస్తుందనీ, వాటిని పట్టుకుని పరీక్షించడం నేర్చుకుంటే జబ్బు వదులుతుందనీ ఆయన గమనించాడు. దీనికంటే సులువైనది పనుల చికిత్స. మనసు బాగాలేక పనులు మానేస్తాం. పనులు మానేసిన కొద్దీ సంతోషం ఇచ్చేవీ, నలుగురిని కలిపేవీ జీవితంలోంచి జారిపోతాయి. దాంతో మనసు ఇంకా కుంగుతుంది. ఈ చక్రాన్ని పని వైపు నుంచి తెంపుతారు. హుషారు వచ్చాక పని చేద్దామని ఆగరు.

ఉదాహరణకు తోటపల్లిగూడూరు మండలంలో రొయ్యల చెరువు పోగొట్టుకున్న ఒక రైతును ఊహించుకుందాం. ఇంట్లోంచి బయటికి రాడు. టీ అంగడి వైపు పోడు. అప్పులవాళ్లేమోనని ఫోను ఎత్తడు. పడుకుంటాడు కానీ నిద్రపోడు. మొదటి విడతలో కౌన్సెలర్ సలహా ఏమీ ఇవ్వదు. చెరువు ఏ రోజు పోయింది, ఆ రాత్రి ఎవరెవరు గట్టున ఉన్నారు, ఇంటికొచ్చి భార్యకు ఎట్లా చెప్పాడు, అంతా అడిగి వింటుంది. చాలామందికి ఆ రాత్రి సంగతి ఇంకొకరికి మొదలుపెట్టి చివరిదాకా చెప్పడం అదే తొలిసారి. తర్వాత వారం రోజుల దినచర్య రాయిస్తుంది. చదువు రాకపోతే గోడ మీది తెలుగు క్యాలెండర్‌లో గుర్తులు పెట్టించవచ్చు: మనసు మరీ బరువుగా ఉన్న పూట ఒక గీత, కాస్త తేలికపడిన పూట ఒక చుక్క. పొద్దున నాలుగు నుంచి ఎనిమిది దాకా అన్నీ గీతలే, కూతుర్ని బడి దగ్గర దింపి వచ్చిన రోజున మాత్రం చుక్క ఉంది అని ఇద్దరూ గమనిస్తారు.

ఆ చుక్క దగ్గరే పని మొదలవుతుంది.

వచ్చే వారం మూడు రోజులు కూతుర్ని బడికి దింపాలి. ఒక రోజు పాత స్నేహితుడి ఇంటికి పోవాలి, అప్పు సంగతి ఎత్తకుండా. చేయలేకపోతే తిట్టరు. ఏది అడ్డు వచ్చిందో అడుగుతారు. 'పోదామనుకున్నా మేడమ్, అందరూ నన్నే చూస్తారని కాలు ఆడలేదు' అంటాడు. ఆ మాటలోంచి ఆలోచన బయటపడుతుంది: 'నా చేతకానితనం వల్ల ఇల్లు నాశనమైంది.' అప్పుడు కౌన్సెలర్ 'అట్లా అనుకోవద్దు' అనదు. అదే ఏటి కాలువ నీళ్లు పెట్టుకున్న చెరువులు ఆ నెలలో ఎన్ని పోయాయి అని అడుగుతుంది. మీ తమ్ముడి చెరువే పోయుంటే అతనితో ఏమనేవాళ్లు అని అడుగుతుంది. జవాబు అతని నోటి నుంచే రావాలి. బయటినుంచి అతికించిన మంచి మాట ఇంటి గడప దాటేలోపే ఊడిపోతుంది.

కానీ అతని అప్పు అతని ఊహ కాదు. చితికిపోయిన మనిషితో 'నీ ఆలోచనా విధానం మార్చుకో' అని చెప్పి పంపించే చికిత్స అతన్ని అవమానిస్తుంది. అందుకే సమస్యల పరిష్కార చికిత్స అనే మూడో పద్ధతి ఇక్కడ చాలా అవసరం. అప్పులన్నీ ఒక కాగితం మీద రాస్తారు. ఏది ముందు, ఏది ఆగుతుంది, ఎవరితో మాట్లాడితే వాయిదా దొరుకుతుంది, బ్యాంకుకు ఎవరు తోడు వస్తారు అని ఒక్కొక్కటిగా చూస్తారు. అప్పు తీరదు. ఎటు చూసినా దారి లేదన్న భావం మాత్రం సడలుతుంది. ప్రాణాలు తీసేది ఎక్కువసార్లు ఆ భావమే.

బంధాల మీద పనిచేసే పద్ధతి ఇంకొకటి ఉంది. అమెరికాలో జెరాల్డ్ క్లెర్‌మన్, మిర్నా వైస్‌మన్ దీన్ని తయారుచేశారు. కుంగుబాటు మొదలైన రోజుల్లో మనిషి బతుకులో ఏం జరిగిందో నాలుగు వైపుల నుంచి వెతుకుతారు: దగ్గరివాళ్ల చావు, దగ్గరివాళ్లతో గొడవ, జీవితంలో పెద్ద మార్పు, ఒంటరితనం. వేటకు పోయిన భర్త తిరిగి రాని ఇల్లాలు, మెట్ట ఊరి నుంచి పాలెం కోడలిగా వచ్చిన అమ్మాయి, కాన్పు తర్వాత బిడ్డను ఎత్తుకోబుద్ధి కాని తల్లి, కొడుకులు చెన్నైలో స్థిరపడ్డాక మిగిలిపోయిన ముసలాయన, ఈ నాలుగింటిలో ఎక్కడో ఒకచోట కనబడతారు.

ప్రతి మాటా మేలు చేయదని కూడా చెప్పాలి. తుపానో సునామీయో వచ్చిన వెంటనే బతికి బయటపడ్డవాళ్లను కూర్చోబెట్టి జరిగిందంతా బలవంతంగా చెప్పించే పద్ధతి ఒకప్పుడు బాగా నడిచింది. అది పనిచేయదనీ, కొందరికి హాని కూడా చేస్తుందనీ పరిశోధనల్లో తేలింది. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని వద్దంటోంది. ఆ రోజుల్లో కావలసింది అన్నం, గుడ్డ, తప్పిపోయినవాళ్ల కబురు, చెప్పాలనిపిస్తే వినే మనిషి. నెలలు గడిచాక కూడా కోలుకోనివాళ్లకు పద్ధతి ప్రకారం చికిత్స.

ఈ మాటలు ఎవరు మాట్లాడాలి

అసలు చిక్కు ఇక్కడుంది. శిక్షణ పొందిన క్లినికల్ సైకాలజిస్టులు దేశంలోనే కొరత, ఉన్నవాళ్లు నగరాల్లో ఉన్నారు. మైపాడు నుంచి నెల్లూరుకు 25 కిలోమీటర్ల లోపే, అయినా కూలి మానుకుని వారం వారం ఎనిమిది సార్లు పోవడం కష్టం. చెన్నై సంగతి చెప్పనక్కరలేదు. చికిత్స ఊరికి రావాలి. రావచ్చని గత ఇరవై అయిదేళ్ల అనుభవం చూపించింది.

ఉగాండాలో 30 పల్లెల్లో 2002లో ఒక పరీక్ష జరిగింది. ఆడవాళ్లనూ మగవాళ్లనూ వేరువేరు గుంపులుగా వారానికి గంటన్నర చొప్పున 16 వారాలు కూర్చోబెట్టి బంధాల చికిత్స చేశారు. నడిపింది స్థానికులే, కొద్ది వారాల శిక్షణతో. చికిత్సకు ముందు గుంపుల్లో 86 శాతం మందికి కుంగుబాటు ఉంది, తర్వాత 6.5 శాతానికి దిగింది. చికిత్స లేని పల్లెల్లో అది 94 నుంచి 55 శాతం దగ్గర ఆగింది. జింబాబ్వే రాజధాని హరారేలో డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడు ఆస్పత్రి ఆవరణల్లో బల్లలు వేయించి, అవ్వలకు శిక్షణ ఇచ్చి కూర్చోబెట్టాడు. వాళ్లు చేసింది సమస్యల పరిష్కార చికిత్సే. 2016లో వెలువడిన ఫలితాలు మంచి గుణాన్ని చూపించాయి.

మన దేశంలో గోవాలో సంగత్ అనే సంస్థ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో చేసిన పరీక్ష ఈ తీరానికి ఎక్కువ దగ్గర. మానసిక వైద్యంలో ఏ చదువూ లేని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, పనుల చికిత్సను ఆరు నుంచి ఎనిమిది విడతల్లో చేయించారు. జబ్బు బాగా ముదిరిన 495 మంది అందులో పాల్గొన్నారు. మూడు నెలల తర్వాత చికిత్స పొందినవాళ్లలో 64 శాతం, మామూలు వైద్యం మాత్రమే పొందినవాళ్లలో 39 శాతం జబ్బు నుంచి బయటపడ్డారు. 2017లో లాన్సెట్ పత్రిక ఈ ఫలితాలను ప్రచురించింది. ఇందులో నాకు ముఖ్యంగా తోచేది అంకెలకంటే ఇంకొకటి: ఆ కౌన్సెలర్లు వారం వారం కలుసుకుని, రికార్డు చేసిన తమ సంభాషణలను ఒకరివి ఒకరు విని మార్కులు వేసుకునేవాళ్లు. శిక్షణ ఒకసారి ఇచ్చి వదిలేస్తే మాటల చికిత్స మెల్లగా సలహాలు చెప్పడంగా దిగజారుతుంది. పర్యవేక్షణే దాన్ని నిలబెడుతుంది.

విదర్భ అమరావతి జిల్లాలో రైతుల ఆత్మహత్యల నేపథ్యంలో 30 ఊళ్లలో జరిగిన విశ్రామ్ కార్యక్రమంలో, కుంగుబాటుకు సాయం కోరేవాళ్లు 4 శాతం నుంచి 27 శాతానికి పెరిగారు. మన రాష్ట్రంలో పశ్చిమ గోదావరి జిల్లాలో స్మార్ట్ మెంటల్ హెల్త్ పేరుతో ఆశా కార్యకర్తలు ట్యాబ్‌లు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, జబ్బు అనుమానం ఉన్నవాళ్లను గుర్తించి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు దగ్గరికి చేర్చారు. గోదావరి జిల్లా పల్లెల్లో నడిచింది కొడవలూరులోనో విడవలూరులోనో నడవకపోవడానికి కారణం లేదు.

నెల్లూరు జిల్లాకు ఇంకొక బలం ఉంది. 1990ల మొదట్లో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమంలో రాత్రి బడుల్లో కూర్చున్న ఆడవాళ్లు, వాచకంలోని సారా పాఠం చదువుతూ తమ ఇళ్ల సంగతులు ఒకరికొకరు చెప్పుకున్నారు. ఒక్కో ఇంట్లో ఒక్కో ఆడది తన ఖర్మ అనుకుని మోసిన బాధ, అందరిదీ అని తెలిసింది. దూబగుంటలో మొదలై, రోసమ్మ పేరుతో దేశానికి తెలిసిన ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ ఊపులోనే జిల్లాలో పొదుపులక్ష్మి సంఘాలు పుట్టాయి. అట్లా ఒకరికొకరు చెప్పుకోవడాన్ని చికిత్స అనలేం. కానీ ఒకచోట కూర్చుని మాట్లాడుకునే ఆడవాళ్ల గుంపు ఉగాండాలో కొత్తగా కూడగట్టవలసి వచ్చింది, నెల్లూరు జిల్లాలో ఊరూరా మూడు దశాబ్దాలుగా ఉంది. ఆ గుంపులో ఒకరికి శిక్షణ ఇవ్వడమే మిగిలిన పని.

మగవాళ్ల సంగతి వేరు. పాలెంలో మగవాడు ఏడవడు, తాగుతాడు. తాగుడు కుంగుబాటును ముదిరేలా చేస్తుంది, కుంగుబాటు తాగుడును పెంచుతుంది. గుట్టు బయటపడుతుందనే భయం వాళ్లకు ఎక్కువ, అందరికీ అందరూ చుట్టాలైన చోట ఆ భయం న్యాయమైనదే. వాళ్లకు పక్క ఊరి కౌన్సెలరో, ఫోను కౌన్సెలింగో మేలు. వేట నిషేధం ఉన్న రెండు నెలలు అందరూ ఒడ్డున ఉంటారు కాబట్టి, భృతి పంపిణీతో పాటే పీహెచ్‌క్యూ–9 అడగడానికి అంతకంటే మంచి సమయం లేదు.

మందులు, హద్దులు

జబ్బు ఓ మాదిరిగా ఉంటే చాలామందికి మాటల చికిత్స ఒక్కటే సరిపోతుంది. ముదిరితే మందులు కూడా కావాలి, అప్పుడు రెండూ కలిపితే ఏ ఒక్కదానికంటే ఎక్కువ గుణం. ఫ్లూఆక్సెటిన్, ఎస్సిటలోప్రామ్ వంటి మందులు పనిచేయడం మొదలుపెట్టడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. చాలామంది వారానికే 'గుణం లేదు' అని మానేస్తారు. కోలుకున్నాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి, ఆపేటప్పుడు డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించాలి. ఇవి అలవాటైపోయే నిద్రమాత్రలు కావు. లేని మాటలు వినిపిస్తున్నా, తిండీ నీళ్లూ మానేసినా, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన గట్టిపడినా మాటల కోసం ఆగకుండా ఆస్పత్రికి తీసుకుపోవాలి.

చనిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదు. అడిగినవాడు దొరికాడని ఆ మనిషికి బరువు దిగుతుంది. అట్లాంటి రోజుల్లో మనిషిని ఒంటరిగా వదలకూడదు, ఇంట్లోని పురుగుమందులు వేరే ఇంటికి తరలించాలి. కేసు అవుతుందన్న భయంతో ఆస్పత్రికి పోవడం ఆలస్యం చేయవద్దు. 2018 మే నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించి వైద్యం చేయాలని చెబుతోంది. 2024 జులైలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత 309 సెక్షన్ లేనే లేదు.

కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకున్న ప్రతివారూ శిక్షణ పొందినవాళ్లు కారు. క్లినికల్ సైకాలజిస్టుకు భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉంటుంది, అది అడిగి చూడవచ్చు. మొదటి రోజే జాతకం చెప్పినట్టు అన్నీ తేల్చేసేవాళ్లనూ, చెప్పుకున్న సంగతి కుటుంబానికి మోసేవాళ్లనూ వదిలి ఇంకొకరి దగ్గరికి పోవాలి.

సాయం దొరికే చోట్లు

నెల్లూరులో ఏసీ సుబ్బారెడ్డి ప్రభుత్వ వైద్య కళాశాలకు అనుబంధమైన ప్రభుత్వ సర్వజన ఆస్పత్రిలోనూ, నారాయణ వైద్య కళాశాల ఆస్పత్రిలోనూ మానసిక వ్యాధుల విభాగాలున్నాయి. 1996లో మెదక్‌తో సహా నాలుగు జిల్లాల్లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశమంతా విస్తరించింది. ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాలు అందించవలసిన 12 రకాల సేవల్లో మానసిక ఆరోగ్యం ఒకటి. అంటే ఊళ్లోని ఆరోగ్య మందిరంలో దీని గురించి అడగడం మన హక్కు. తీరం వెంట ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వారానికి ఒక రోజు, తలుపు వేసుకునే ఒక గది, శిక్షణ పొందిన ఒక స్థానిక మనిషి, ఆమె పనిని నెల్లూరు నుంచి పర్యవేక్షించే ఒక నిపుణుడు కావాలని గ్రామసభల్లో, మండల సమావేశాల్లో అడగండి. భవనాలతో పనిలేదు, కొత్త యంత్రాలతో పనిలేదు. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత బాధ తగ్గించే అవకాశం ప్రజారోగ్యంలో అరుదు.

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416. రోజుకు 24 గంటలూ, ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు. మీ కోసమో, మీ పక్కింటివాళ్ల కోసమో ఈ నంబరు ఫోనులో దాచుకోండి.